కొంగ అక్షరాలు

బోర్డులమ్మ పొద్దున్నే దుకాణం తెరిచి, రంగు డబ్బాల మీద కట్టిన పొరని పుల్లతో తీసి పారేసి, ఆ రోజు రాయాల్సిన సన్నగీతలన్నీ ముందే రాసేసుకుంటుంది. ఆ తర్వాతే టీ. టీ తాగితే చెయ్యి వణుకుతుందని కాదు. ఎదురు కొట్టు టీ ఆయన గ్లాసుతో పాటు వీధిలో కబుర్లన్నీ మోసుకొచ్చి గుమ్మంలో చతికిలబడతాడు. ఆ కబుర్లకి నవ్వు ఆగదు. సన్నగీత గీసేటప్పుడు ఊపిరే బిగబట్టాలి, ఇక నవ్వితే ఏముంది, బోర్డు మళ్ళీ మొదటికొస్తుంది.

ఆవిడకి రాని అక్షరం లేదు. కిరాణా కొట్టుకి బొద్దుగా, సైకిల్ షాపుకి పరిగెడుతున్నట్టు వాలుగా, డాక్టరు గారికి బుద్ధిగా తిన్నగా రాసిపెడుతుంది. అయినా జనం ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేది కొంగ అక్షరాల కోసమే. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. మామూలు అక్షరం కాళ్ళు బారచాపుకుని కూర్చుంటే, ఇవి పొట్ట లోపలికి లాక్కుని పొడుగ్గా నిలబడతాయి. గుండ్రంగా ఉండాల్సినవి కూడా రెండు పక్కలా నొక్కుకుపోయి నిలువు స్తంభాలవుతాయి. స్తంభాలేమో బొటనవేలంత లావు, వాటిని కలిపే గీతలేమో వెంట్రుకంత సన్నం. గీత ఎక్కడ ఆగినా అక్కడొక చిన్న పాదం. సినిమా పేరు పొడుగైతే పోస్టరు మీద ఇవే పడాలి. సెంటు పెట్టెల మీద, నగల దుకాణాల మీద, వారపత్రికల అట్టల మీద, మ్యాజిక్ షో గోడపత్రికల మీద ఇవే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వీటిలో ఒక దర్జా ఉంది. పక్కన లావు అక్షరాలుంటే అవి సంతకొచ్చినట్టూ ఇవి పెళ్ళికొచ్చినట్టూ కనబడతాయి.

వీటికి ఇంకో సుగుణం కూడా ఉంది. అవి బోర్డు మీద ఎంత చోటు మిగిలిస్తాయో అంత చోటూ ఆ బోర్డున్న గదికి వచ్చేస్తుంది. మంగలి షాపు ఆయన కొట్టు బీరువా అంత ఉండేది. కొంగల్లో బోర్డు రాయించుకున్న మర్నాటికి ఇంకో కుర్చీ పట్టింది. టైలరుకి రెండో మిషను పట్టింది. పక్క కొట్టు వాళ్ళకి వేలెడు తగ్గిందీ లేదు. ఇంటిపన్ను వాళ్ళు టేపు పట్టుకుని వస్తే, కొంగలున్నాయా అని అడిగి, ఉన్నాయంటే తల ఊపి పోతారు. అవి పెద్దగా రాస్తేనే పని చేస్తాయి. చెప్పుల షాపు పిసినారి ఒకడు మొత్తం సరుకుల పేర్లన్నీ ఒకే మాటగా కలిపి చిన్న చిన్న కొంగల్లో రాయమని పట్టుబట్టాడు, గోడౌనంత చోటు కొట్టేద్దామని. అంత చిన్నగా రాస్తే సన్నగీతలు మునిగిపోతాయని బోర్డులమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వినలేదు. ఆఖరికి గొడుగు నిలబెట్టుకునేంత చోటొచ్చింది. ఇప్పటికీ అక్కడ గొడుగే పెట్టుకుంటాడు పాపం. ఇంకో సంగతి, ఒక కప్పు కింద ఒక్క మాటే ఉండాలి. రెండోది రాస్తే రెండూ మొరాయిస్తాయి.

ఆవిడ భర్త పోస్టర్లు వేసే ప్రెస్సులో మిషను నడుపుతాడు. ఆయన్ని అందరూ ప్రెస్సాయన అంటారు. ఇద్దరూ ఉండేది ఒకే గది ఇల్లు. ఒక పక్క పొయ్యి గట్టు, ఒక పక్క కిటికీ, ఒక పక్క తలుపు, మిగిలింది ఒక్క గోడ. కొడుకు పుట్టినప్పుడు ఆ ఇంట్లో ఉయ్యాల పెట్టడానికి కూడా వీల్లేక, బోర్డులమ్మ బాలింత అన్న మాట మర్చిపోయి నిచ్చెనెక్కి, ఆ ఒక్క గోడ మీదా నేల నుంచి కప్పు దాకా వాడి పేరు కొంగల్లో రాసేసింది. గోడ వెనక్కి జరిగింది. ఉయ్యాల పట్టింది, తర్వాత చిన్న మంచం పట్టింది. చిన్నోడు అక్షరాలు నేర్చుకున్నది కూడా ఆ గోడ మీదే. మంచం మీద నిలబడి స్తంభాలని వాటేసుకునేవాడు. వాటి మధ్య దాక్కున్నాననుకుని కళ్ళు మూసుకునేవాడు, వాళ్ళ నాన్న కూడా ఏమీ కనబడనట్టు ఇల్లంతా వెతికేవాడు.

కిందటేడు వానల్లో వాడికి జ్వరమొచ్చింది. తగ్గుతుందన్నారు. తగ్గలేదు. వాడు పోయాడు.

అలాంటి సంగతిని ఎంత సాగదీసి చెప్పినా అంతే. పోయినవాడు పోగా, ఆ మంచం పట్టే చోటు మాత్రం ఇంట్లో మిగిలిపోయింది. గోడ మీద పేరున్నంత కాలం గోడ ముందుకి రాదు. బోర్డులమ్మ మంచం తీయలేదు, దుప్పటి మార్చలేదు. ఆ చోట్లో బుట్ట పెట్టనిచ్చేది కాదు, బట్టలు ఆరేయనిచ్చేది కాదు. సన్నగీతలు ఏటా వానలకి ముందు ఒకసారి దిద్దుకోవాలి, లేకపోతే పొరలు పొరలుగా రాలిపోతాయి. అవి రాలితే చోటు మూసుకుపోతుంది. ఈ ఏడూ ఉడుత వెంట్రుకల కుంచె పట్టుకుని గీత గీతా దిద్దింది. ప్రెస్సాయన గుమ్మంలో నిలబడి చూశాడు. కొడుకు పోయిన రోజు నుంచి ఆయన కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదు. రాయిలా అయిపోయాడని వీధిలో వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. బోర్డులమ్మకి కూడా లోలోపల అదే కోపం.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఆయన చెల్లెలు కూతుర్ని వెంటపెట్టుకుని వచ్చింది. ఆ చెల్లెలి మొగుడు ఇదిగో వస్తానని వెళ్ళి ఆచూకీ లేకుండా పోయాడు. ఉన్న గది అద్దెకి ఇచ్చినవాళ్ళు ఖాళీ చేయమన్నారు. ఇవన్నీ అంతకుముందే తెలిసిన సంగతులే, కొత్తగా ఏమీ చెప్పలేదు. బట్టల ఫ్యాక్టరీలో పని దొరికిందని మాత్రం చెప్పింది. సంచీ కాస్త పెద్దదే తెచ్చుకుంది. దాన్ని లోపలికి తేకుండా గుమ్మం పక్కనే ఆనించింది. మాటలన్నీ ఎండల మీదా బస్సుల మీదా తిప్పి తిప్పి, అసలు మాట దగ్గరకొచ్చేసరికి మంచినీళ్ళు తాగేది.

పెద్దవాళ్ళు మాటల్లో ఉండగా పిల్ల మంచం ఎక్కి పడుకుంది. నాలుగేళ్ళది, బస్సులో వాడిపోయి ఉంది, చెప్పులతోనే నిద్రపోయింది. బోర్డులమ్మ వంటగట్టు దగ్గర నుంచి తిరిగి చూసింది. ఒక్క అంగలో వెళ్ళి, నిద్రలో ఉన్న పిల్లని చంకల కింద పట్టి ఎత్తి, తెచ్చి తల్లి పక్కన చాప మీద పడుకోబెట్టింది. పడుకోబెట్టింది అనడం మర్యాదకి గానీ, దింపేసింది. పిల్ల కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసింది, ఏడవలేదు.

"అది వాడి చోటు" అంది బోర్డులమ్మ.

"తెలుసు వదినా. దానికే తెలీదు" అంది ఆడపడుచు.

అంతే. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతానని లేచింది. ఉండమని ప్రెస్సాయన అన్నాడు, బోర్డులమ్మ కూడా మాటవరసకి అంది. ఆయన సంచీ మోసుకుని బస్సు దాకా వెళ్ళి వచ్చాడు. వచ్చాక అన్నం సరిగ్గా తినలేదు. బోర్డులమ్మ మంచం మీద దుప్పటి సర్దుతూ, చెప్పుల మట్టి దులిపేసి, దులిపినందుకు తన మీద తనకే అసహ్యమేసి, అయినా దులపడం మానలేదు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం పిల్లల ఆశ్రమం నడిపే ఆవిడ దుకాణానికి వచ్చింది. గట్టి మనిషి, గబగబా మాట్లాడుతుంది, మాటకి ముందే నవ్వుతుంది. పాత బోర్డు పోయి కొత్తది కావాలట, అది కొంగల్లోనే కావాలట.

"ఒక్క మంచం పట్టేంత చోటు చాలమ్మా. వారం తిరిగేలోపు ఇంకో పిల్లని తీసుకోవాలి. ఇప్పటికే మంచాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి" అంది.

బోర్డులమ్మ సరేనని పలక నిలబెట్టి, సుద్దతాడుతో గీతలు కొట్టుకుని, స్తంభాలు వేయడం మొదలుపెట్టింది. ఆవిడ మాత్రం కదిలితేనా, అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని మాటలు పెట్టుకుంది. పిల్లకి తల్లి ఉందట, తండ్రి ఆచూకీయే లేదట. తల్లికి ఫ్యాక్టరీ వాళ్ళ హాస్టల్లో చోటిచ్చారు గానీ పిల్లల్ని రానివ్వరట. ఆ తల్లి సంతకం పెడుతూ ముక్కు తుడుచుకుంటూనే ఉందట. ఇలాంటివి రోజూ చూసేవే కాబట్టి తనకి అలవాటైపోయిందని, కానీ ఆ పిల్ల అడిగిన మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉందని చెప్పింది.

"ఏమడిగింది?" అంది బోర్డులమ్మ, గీత మీంచి చూపు తీయకుండా.

"మంచాలన్నీ తిప్పి చూపించాను. ప్రతి మంచం దగ్గరా ఆగి, 'ఇది ఎవరి చోటు? నేను నిద్రపోయాక ఎత్తేస్తారా?' అని అడిగింది. ఇన్నేళ్ళలో ఏ పిల్లా నన్నలా అడగలేదు. ఏ మహాతల్లి ఎత్తేసిందో ఏమో మరి."

కుంచె ఆగింది. బోర్డులమ్మ పిల్ల పేరేమిటని అడిగింది. ఆవిడ చెప్పింది. అది ఆడపడుచు కూతురి పేరే. ఇంకెవరి పేరో అయి ఉంటుందనుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే ఆ పేరు పెట్టింది బోర్డులమ్మే. పురిటింట్లో ఎత్తుకుని తనే ఆ పేరుతో పిలిచింది. ఆ పిల్ల కోసం ఇప్పుడు ఇంకెక్కడో మంచం పట్టేంత చోటు తన చేత్తోనే తెరుస్తోంది. కుంచె పక్కన పెట్టేసింది. బోర్డు సాయంత్రానికి ఇస్తానని చెప్పి ఆవిణ్ణి పంపించేసింది.

మధ్యాహ్నం ప్రెస్సాయన ఎప్పటిలాగే క్యారియరు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. చేతులు కడుక్కున్నా గోళ్ళ సందుల్లో సిరా పోదు. బోర్డులమ్మ అన్నం పెట్టి, తను తినకుండా ఎదురుగా కూర్చుంది.

"మీ చెల్లెలు పిల్లని ఆశ్రమంలో వేస్తోందట. మీకు తెలుసా?"

"తెలుసు."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

ఆయన కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. "ఏమని చెప్పను? గోడ మీద వాడి పేరున్నంత కాలం అది వాడి చోటే, పక్కన రెండో పేరు రాస్తే రెండూ మొరాయిస్తాయి. ఆ పిల్ల మన ఇంట్లో ఉండాలంటే వాడి పేరు చెరపాలి. చెరపమని నా నోటితో నేనెలా అంటాను?"

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపింది. ఆ రోజు ఆడపడుచు చోటు అడగడానికే వచ్చిందా అని అడిగింది. అందుకే వచ్చిందని ఆయన చెప్పాడు. బస్సెక్కే ముందు, వదినని ఏమీ అనకన్నయ్యా, తన స్థానంలో నేనున్నా అంతే చేసేదాన్ని, అందట. అది వినేసరికి బోర్డులమ్మకి తల ఎత్తబుద్ధి కాలేదు. తిట్టి పోయినా బాగుండేది.

"మీరు మిషను కట్టేసి వెళ్ళండి. ఇద్దర్నీ తీసుకురండి" అంది.

"నువ్వు సరిగ్గా ఆలోచించుకున్నావా?"

"లేదు. ఆలోచిస్తే వద్దంటాను. మీరు వెళ్ళండి."

ఆయన వెళ్ళాడు. ఆవిడ దుకాణం తలుపు దగ్గరికి వేసి, టర్పెంటైన్ సీసా, పాత గుడ్డలు, కుంచెలు, నల్లరంగు డబ్బా సంచీలో వేసుకుని ఇంటికి నడిచింది. తలుపు తెరిస్తే ఎండ తిన్నగా గోడ మీద పడుతోంది. వాడి పేరు నేల నుంచి కప్పు దాకా నిగనిగలాడుతోంది. మొన్న మొన్ననే దిద్దిన గీతలు కదా. ఆవిడ ఆ పేరుని ఒకసారి పైకే చదివింది. వాడు పోయాక ఆ ఇంట్లో ఆ పేరు బయటికి అనడం అదే మొదటిసారి. ఇంకోసారి పిలిచింది. ఎవరూ పలకలేదు.

నిచ్చెనెక్కి గుడ్డ తడిపి పైనుంచి మొదలుపెట్టింది. సన్నగీతలు ఒక్క తుడుపుకే వచ్చేశాయి. అంత శ్రద్ధగా ఏటా దిద్దుకున్న గీతలు అంత తేలిగ్గా ఎలా వచ్చాయో ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. ఒక్కో గీత పోయినప్పుడల్లా గోడ కాస్త ముందుకి వచ్చింది. నిచ్చెన కాళ్ళు నేల మీద కిర్రుమన్నాయి. మంచం దానంతటదే జరిగి పొయ్యి గట్టుకి తగిలింది. ఆఖరి గీత తుడిచేసరికి గోడకీ మంచానికీ మధ్య మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టనంత సందు మిగిలింది, అది కూడా ఇరుకవుతోంది.

ఇక స్తంభాలు తుడవాలి. గుడ్డ ఎత్తింది, చెయ్యి ఆగిపోయింది.

సన్నగీతలు పోయాక గోడ మీద స్తంభాలు మాత్రమే వరసగా నిలబడి ఉన్నాయి. అవి ఏ అక్షరాలూ కావు. అందులో వాడి పేరు లేదు. ఏ పేరూ లేదు. ఇన్నేళ్ళు రాసినా ఆ సంగతి ఆవిడకి ఎన్నడూ తట్టలేదు. లావు గీతలు ఎవరి పేరుకైనా ఒక్కలాంటివే, మనిషికీ మనిషికీ తేడా అంతా ఆ వెంట్రుకల్లాంటి గీతల్లోనే ఉంది. వాడు వాటేసుకున్నది మాత్రం ఈ స్తంభాల్నే. వాడి బుగ్గ ఆనిందీ, వాడి వేలిముద్రలు పడ్డదీ వీటి మీదే.

గుడ్డ కింద పడేసింది. కుంచె తీసి రంగులో ముంచింది.

పిల్ల పేరులో మొదటి అక్షరానికి కావాల్సిన వంపు గీసింది. గోడ మీద మీదకి వస్తోంది, మంచం అంచు మోకాళ్ళకి ఒత్తుకుంటోంది, చెయ్యి ఆనించుకునే కర్ర పెట్టుకోవడానికి కూడా చోటు చాలలేదు. సన్నగీత గీసినంతసేపూ ఊపిరి బిగబట్టాలి, ఊపిరి బిగబడితే ఏడవడానికి కుదరదు. అందుకని గీత ముగిశాక ఏడ్చింది, మళ్ళీ ముఖం తుడుచుకుని ఇంకో గీత గీసింది, మళ్ళీ ఏడ్చింది. అలా ఏడుపుకీ ఏడుపుకీ మధ్య ఆ పేరు రాసింది. స్తంభానికీ స్తంభానికీ మధ్య గీత కలిసినప్పుడల్లా మంచం ఒత్తిడి కాస్త తగ్గింది. ఆ పేరుకి చివర్న ఒక స్తంభం తక్కువొచ్చింది. దాన్ని కొత్తగా వేసి పాదం పెట్టింది. పెట్టేసరికి గోడ వెనక్కి జరిగి దాని పాత చోట్లో కుదురుకుంది.

చేతులు కడుక్కుని, ముఖం కడుక్కుని మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. ఆశ్రమం ఆవిడ బోర్డు కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల మీ దగ్గరికి రావడం లేదు, మా ఇంట్లోనే ఉంటుంది, అని బోర్డులమ్మ చెప్పింది. ఎత్తేసింది నేనేనని కూడా చెప్పింది. ఆవిడ నవ్వు ఆపి ఒక్క క్షణం చూసి, భుజం మీద చెయ్యి వేసింది.

"మంచి మాట చెప్పావమ్మా. అయినా బోర్డు రాసిపెట్టు. ఆ మంచం ఖాళీగా ఉండదు, ఇంకొకళ్ళు వస్తారు."

బోర్డులమ్మ ఆ బోర్డుని ఎంత జాగ్రత్తగా రాయగలదో అంత జాగ్రత్తగా రాసింది. రెండు మంచాల చోటు వచ్చేలా ఇంకాస్త సన్నగా లాగి రాసింది.

దీపాలు పెట్టే వేళకి ప్రెస్సాయన చెల్లెల్నీ పిల్లనీ తీసుకొచ్చాడు. ఈసారి సంచీ లోపలికి వచ్చింది. ఆడపడుచు గోడ చూసింది, చూసి వదిన ముఖం చూసింది. ఏదో అనబోతే బోర్డులమ్మ, రంగు ఇంకా పచ్చిగా ఉంది, గోడకి ఆనుకోకు, చీర పాడవుతుంది, అని వంటగట్టు వైపు తిరిగిపోయింది. తిరిగినా నిలబడలేకపోయింది. పిల్ల దగ్గరకొచ్చి, చెప్పులు విప్పి, మంచం మీద కూర్చోబెట్టింది.

"ఇది నీ చోటమ్మా. గోడ మీద నీ పేరే రాసుంది. ఇక్కణ్ణుంచి నిన్నెవరూ ఎత్తరు."

పిల్ల గోడ వైపు తల ఎత్తి చూసింది. చదవడం రాదు, అయినా చాలాసేపు చూసింది.

ప్రెస్సాయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. లోపలికి వస్తే కొడుకు పేరు లేని గోడ చూడాలి మరి. ఎలాగో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, తల దించుకునే, గుడ్డివాడిలా చెయ్యి చాపి ఒక స్తంభం మీద పెట్టాడు. సిరాతో బతికే మనిషి, పచ్చి రంగేదో ఎండిన రంగేదో ఆయన వేలికి తెలుసు. చెయ్యి వెనక్కి తీసి చూసుకున్నాడు. నలుపు అంటలేదు. పక్క స్తంభం మీద పెట్టాడు. అదీ అంటలేదు.

"ఇవి వాడివే" అన్నాడు.

"వాడివే" అంది బోర్డులమ్మ. "తుడవలేకపోయాను."

ఆయన మంచం అంచు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. ఏడాది ఏడుపంతా ఏడ్చాడు. ఆడపడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల ఆయన్ని కాసేపు చూసి, గోడకి తగలకుండా జాగ్రత్తగా ఒక పక్కకి జరిగి, ఆయన కూర్చోవడానికి చోటిచ్చింది.